పగడపు తొట్టికి దీపం: ఎండల జిల్లా నుంచి ఒక చరిత్ర

ఇంట్లో సముద్రపు నీటి తొట్టి పెట్టి పగడాలు పెంచాలనుకునేవాళ్ళకు దుకాణంలోనైనా, విదేశీ పుస్తకాల్లోనైనా దీపాల చరిత్ర ఒకే తీరున చెబుతారు. మొదట ట్యూబ్‌లైటు, అది చాలక మెటల్ హాలైడ్, దాని వేడి పడలేక సన్నని టీ5 ట్యూబులు, చివరికి ఎల్‌ఈడీ. ప్రతి మెట్టూ పగడానికి కావలసిన వెలుతురు కోసం ఎక్కిందేనని, ఆఖరి మెట్టు మీద ఉన్నదే కొనదగ్గదని దాని సారం. ఈ కథ మీద నాకు రెండు అనుమానాలున్నాయి. దీపాలు మారింది చాలాసార్లు పగడం అడిగినందుకు కాదు, ఆ ఊళ్ళో గది ఎంత చల్లగా ఉంటుంది, కరెంటు ఎంత నిలకడగా వస్తుంది అన్నదాన్ని బట్టి. రెండోది, ఈ కథలో పగడమంటే గట్టి పగడం ఒక్కటే. మన దేశంలో దాన్ని ఇంట్లో పెంచుకోవడానికే వీల్లేదు. ఈ రెండు సంగతులూ లెక్కలోకి తీసుకుంటే నిజామాబాద్‌లోనో బోధన్‌లోనో తక్కువ డబ్బుతో తొట్టి పెట్టేవాళ్ళు కొనవలసిన దీపం వేరే అవుతుంది.

తొలి దశల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల గది తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ అక్వేరియం మీద పుస్తకం అచ్చువేశాడు. అప్పటి వెలుతురు కిటికీదే. పగడం ఒంట్లో ఉండే సూక్ష్మ శైవలాలు దానికి అన్నం పెడతాయా లేదా అన్నది చాలాకాలం తేలలేదు. 1928-29లో ఆస్ట్రేలియా తీరంలోని లో ఐల్స్ దీవిలో బ్రిటిష్ బృందాన్ని నడిపిన సి.ఎం. యంగ్, పగడం మాంసాహారి అనీ, శైవలం దాని మలినాలను తీసుకుపోయే పనే ముఖ్యంగా చేస్తుందనీ వాదించాడు. 1958లో మస్కటీన్, హ్యాండ్ అనే ఇద్దరు రేడియోధార్మిక కార్బన్‌తో సముద్రపు ఎనిమోన్ మీద ప్రయోగం చేసి, శైవలం తయారుచేసిన ఆహారం ఆతిథ్యమిచ్చిన జీవికి చేరుతోందని చూపించాక గాలి ఇటు తిరిగింది. వెలుతురు అంటే తిండి అన్న మాటకు బలం వచ్చింది అప్పుడే.

1961లో లీ చిన్ ఎంగ్ అనే ఇండోనేషియా పెంపకందారు తన తొట్ల గురించి ఒక అమెరికన్ పత్రికలో రాశాడు. అతని దగ్గర సముద్రపు రాళ్ళు, గాలి బుడగలు, ఎండ తప్ప మరేమీ లేవు. పగడాలు బతికాయి. ఆ తర్వాత కథ జర్మనీకి మారింది. 1970ల చివర, 80లలో బెర్లిన్ పెంపకందారులు రాళ్ళు, నురగ తీసే యంత్రం, పైన హెచ్‌క్యూఐ అనే మెటల్ హాలైడ్ దీపం పెట్టి గట్టి పగడాలను సైతం పెంచారు. డీట్రిచ్ స్ట్యూబర్ పేరు ఇక్కడ తరచూ వినిపిస్తుంది. 1986లో జార్జ్ స్మిట్ వ్యాసాలతో అమెరికాలో ఇళ్ళలో చిన్న పగడపు తొట్లు పెట్టడం మొదలైంది. 1994లో డెల్‌బీక్, స్ప్రంగ్ రాసిన పుస్తకంతో ఈ పద్ధతులు ఒక శాస్త్రంలా స్థిరపడ్డాయి.

పుస్తకాలన్నీ బెర్లిన్ విజయాన్ని వెలుతురు ఖాతాలో రాస్తాయి. నాకు అక్కడి చలి కూడా కనిపిస్తుంది. ఏడాదిలో సగం రోజులు గది వెచ్చగా ఉంచుకోవలసిన ఊళ్ళో 250 వాట్ల దీపం నీటి మీద వేడి కుమ్మరిస్తే అది నష్టం కాదు, హీటరు పని కాస్త తగ్గుతుంది. పగడానికి నచ్చేది 24 నుంచి 27 డిగ్రీల నీరు. 30 దాటి కొన్నాళ్ళు నిలిస్తే లోపలి శైవలాన్ని వదిలేసి తెల్లబడుతుంది. అదే దీపాన్ని మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే నిజామాబాద్‌కు తెచ్చి పెడితే ఏమవుతుందో చెప్పడానికి ప్రయోగం అక్కర్లేదు. నీటిని చల్లబరిచే చిల్లర్ కొనాలి, దాని కరెంటు మళ్ళీ వేరు. తొట్టి లోపలి వేడిని చిల్లర్ గదిలోకి నెడుతుంది, ఆ గదికి మళ్ళీ కూలరు కావాలి.

మన వైపు ఎండకు ఒక మంచి గుణం కూడా ఉంది, దాన్ని బయటి పుస్తకాలు లెక్కవేయవు. ఇక్కడి వేసవి పొడిది. ఒక లీటరు నీరు ఆవిరైతే దాదాపు 0.67 యూనిట్ల వేడిని తనతో తీసుకుపోతుంది. 250 వాట్ల దీపం రోజుకు 8 గంటలు వెలిగితే 2 యూనిట్లు. ఆ వేడంతా నీళ్ళలోకే దిగిందనుకున్నా, మూడు లీటర్లు ఆవిరైతే పోతుంది. నీటి మీదికి ఏటవాలుగా చిన్న ఫ్యాను పెడితే పొడిగాలిలో ఆ పని జరుగుతుంది, విశాఖ ఉక్కపోతలో అంత బాగా జరగదు. అందుకే కోస్తా నగరాల వాళ్ళు ‘చిల్లర్ లేనిదే తొట్టి లేదు’ అన్న మాటను ఇక్కడి వాళ్ళు అలాగే నెత్తికెత్తుకోనక్కర్లేదు. వానాకాలంలో ఫ్యాను సత్తా తగ్గుతుంది కానీ అప్పటికి ఎండా తగ్గుతుంది. ఆవిరైన నీటికి బదులు ఉప్పునీరు కాక మంచినీరే పోయాలి, అదీ ఆర్వో నీరు. బోరు నీటి కాఠిన్యం రోజుకు రెండు మూడు లీటర్ల చొప్పున పేరుకుంటే కొద్ది వారాల్లోనే తేడా తెలుస్తుంది.

ఇక కరెంటు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్ళతో, 1937లో శక్కర్‌నగర్‌లో పెట్టిన నిజాం చక్కెర ఫ్యాక్టరీతో బోధన్ చుట్టూ చెరకు విస్తరించింది. గానుగ ఆడే కాలంలో చెరకు పిప్పి కాల్చి ఆవిరి పుట్టించి తన కరెంటు తానే చేసుకోవడం చక్కెర మిల్లులకు మామూలు. చుట్టూ ఉన్న ఇళ్ళకు ఆ సుఖం ఉండేది కాదు. కాలువ కింద చాలని చోట బోర్లు వచ్చాయి, బోర్ల మీద మోటర్లు వచ్చాయి. అవన్నీ ఒక్కసారి ఎత్తుకుంటే ఊళ్ళో ఓల్టేజీ పడిపోయేది. రాగి చోక్ ఉన్న ట్యూబ్‌లైటు తక్కువ ఓల్టేజీలో పట్టుకోదు, స్టార్టరు కొట్టుకుంటూ ఉండిపోతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2012-13 కోతలు గుర్తున్నవాళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైంది 2018 జనవరి 1న. ఫ్యాక్టరీ అంతకుముందే, 2015 డిసెంబరులో, లేఆఫ్‌తో మూతపడింది.

ఆ కోతల కాలంలో ఇక్కడ సముద్రపు తొట్టి నిలవకపోవడానికి ట్యూబ్‌లైటు బలహీనతే కారణమని చెప్పేవాళ్ళు ఉన్నారు. అది పూర్తి నిజం కాదనుకుంటాను. వెలుతురు ఒక పూట పోతే పగడం చావదు, సముద్రంలో మబ్బు రోజులు ఉండనే ఉంటాయి. పంపు నాలుగు గంటలు ఆగితే నీళ్ళలో ప్రాణవాయువు తగ్గి ముందు చేపలు పోతాయి, అవి కుళ్ళి మిగతా జీవాలను తీసుకుపోతాయి. దీపం మీద పెట్టే డబ్బులో కొంత తీసి పంపుకు బ్యాటరీ పెట్టుకుని ఉంటే ఆనాటి నాలుగడుగుల 36 వాట్ల ట్యూబులు రెండు మూడు కలిసి మెత్తని పగడాలను పోషించగలిగేవే.

మెత్తని పగడాలనడానికి కారణం చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లో దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ, నల్ల పగడాలు, ఆర్గాన్ పైప్, ఫైర్ కోరల్, సముద్రపు విసనకర్రలు చేరాయి. పులిని పెట్టిన షెడ్యూలు అదే. టార్చ్, హ్యామర్ అని దుకాణాల్లో మెరిసే పేర్లతో అమ్మేవి కూడా గట్టి పగడాల వంశమే. చచ్చిన పగడపు రాయి తెచ్చి తొట్టి అడుగున పేర్చడమూ చట్టం కిందికే వస్తుంది, కాబట్టి కృత్రిమ రాయి వాడుకోవాలి. ఆ జాబితాలో పేరు లేనివి మష్రూమ్‌లు, జోవాంథిడ్లు, లెదర్ పగడాలు. వీటిలో చాలా మటుకు తక్కువ వెలుతురుకు సర్దుకునేవే. గట్టి పగడాల్లో కొమ్మలు వేసే రకాలకు చదరపు మీటరుకు సెకనుకు 200 నుంచి 350 మైక్రోమోళ్ళ వెలుతురు కావాలంటారు. మష్రూమ్‌కు 50 చాలు, జోవాంథిడ్‌కు 100 ఉంటే దండి. మిట్టమధ్యాహ్నపు ఎండలో 2000 దాకా ఉంటుంది. దీపాల కథ అంతా ఆ 350 కోసం రాసింది. చట్టానికి లోబడి పెంచేవాళ్ళకు దాంతో పని లేదు.

ఎల్‌ఈడీ ఎందుకు గెలిచిందన్న అసలు వివాదం 2006 తర్వాతి పదేళ్ళది. నిచియా కంపెనీలో షూజీ నకమురా 1993లో ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ తయారు చేశాడు. ఆ నీలి వెలుతురుకే 2014లో అకసాకి, అమానోలతో కలిపి నోబెల్ వచ్చింది. పగడాల తొట్టికని తొలినాళ్ళలో వచ్చిన ఎల్‌ఈడీ దీపాల్లో పీఎఫ్‌ఓ అనే కంపెనీ సొలారిస్ ఒకటి. అది పేటెంటు తగాదాలో చిక్కుకుని ఆగిపోయింది. తర్వాత చైనా నుంచి నల్ల డబ్బాల్లాంటి ఎల్‌ఈడీ దీపాలు వచ్చాయి. పగడానికి సరిపడే రంగులు కనిపెట్టడం వల్ల ఎల్‌ఈడీ గెలిచిందని అమ్మకందారులు అంటారు. కొంత నిజమే. 420 నుంచి 470 నానోమీటర్ల నీలం శైవలానికి బాగా అక్కరకొస్తుంది, పగడాల మెరుపు కూడా దాంట్లోనే బయటపడుతుంది. కానీ ధర దించింది అక్వేరియం పరిశ్రమ కాదు. ఫోను తెరలు, వీధిదీపాలు, ఇంటి బల్బులు కలిసి దించాయి. మన దగ్గర ప్రభుత్వ సంస్థ ఈఈఎస్‌ఎల్ టోకున కొన్న బల్బు ధర 2014లో 310 రూపాయలు ఉంటే, రెండు మూడేళ్ళలో 38కి దిగింది. 2015లో ఉజాలా పథకం ఆ బల్బునే ఇంటింటికీ చేర్చింది.

ఇంకో సంగతి ప్రకటనల్లో ఎక్కడా కనబడదు. మనం తెల్లగా చూసే ఎల్‌ఈడీ లోపల ఉన్నది నీలి చిప్పే. దాని మీద పూసిన పసుపు పచ్చని పొడి కొంత నీలాన్ని పసుపుగా మారుస్తుంది, మిగిలిన నీలం దాదాపు 450 నానోమీటర్ల దగ్గర అలాగే బయటికి వస్తుంది. వంటగదిలో వెలిగే 6500 కెల్విన్ ఎల్‌ఈడీ పట్టీలో పగడం అడిగే నీలం ఉండనే ఉంది. లెక్క చూద్దాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు తొట్టి వైశాల్యం 0.19 చదరపు మీటరు. 10 వాట్ల రెండడుగుల పట్టీలు నాలుగు పెడితే వాటుకు 100 ల్యూమెన్ల చొప్పున 4000 ల్యూమెన్లు. సగం బయటికి పోయిందనుకున్నా నీటి మీద పది వేల లక్స్ పైనే ఉంటుంది. తెల్ల ఎల్‌ఈడీకి సుమారు 70 లక్స్‌కు ఒక మైక్రోమోల్ అనుకుంటే 150 వస్తుంది. మష్రూమ్‌కు ఎక్కువ, జోవాంథిడ్‌కు సరిపడా. ఫోనులో లక్స్ చూపే యాప్‌తో ఈ లెక్క సరిచూసుకోవచ్చు. నీలి దీపం కింద మాత్రం ఆ యాప్‌ను నమ్మకూడదు, నీలాన్ని అది చాలా తక్కువగా చూపిస్తుంది.

దీనికి మినహాయింపులున్నాయి. పట్టీల కింద తొట్టి కాస్త పసుపుగా, చదునుగా కనిపిస్తుంది. ఆకుపచ్చ, నారింజ మెరుపులు కావాలంటే ఒక నీలి పట్టీ చేర్చాలి. తొట్టి అడుగున్నర కంటే లోతైతే ఈ లెక్క చెల్లదు. కొత్త పగడాన్ని ఒక్కసారిగా 150 కింద పెట్టకూడదు, నీడలో మొదలుపెట్టి నెమ్మదిగా పైకి తేవాలి. దీపం రోజుకు ఎనిమిది గంటలు దాటితే పగడం కంటే పాచి ముందు పెరుగుతుంది.

ఈనాటి మార్కెట్ మీద నాకు అంత గౌరవం లేదు. 165 వాట్లని రాసిన నల్ల డబ్బా ప్లగ్గు దగ్గర కొలిస్తే 110, 120 వాట్లే లాగుతుంది. యాప్‌తో సూర్యోదయం, మెరుపులు, మేఘాలు చూపించే దీపాలకు జనం పెట్టే డబ్బులో పగడానికి చేరేది కొంతే. చట్టంలో లేని మెత్తని జాతులకూ కొమ్మ పగడాల దీపమే అంటగట్టడం ఇప్పుడు మామూలైంది. కొనేవాళ్ళు కరెంటు బిల్లు వైపు చూడటం లేదు. తెలంగాణలో 2022లో వచ్చిన శ్లాబుల ప్రకారం నెల వాడకం 100 దాటి 200 యూనిట్ల లోపు అయితే మొదటి వందకు 3.40, తర్వాతి వందకు 4.80 రూపాయలు. ఒక్క యూనిట్ దాటినా మొదటి 200 మీదే 5.10 పడుతుంది, ఆ పైన 300 దాకా యూనిట్లకు 7.70. 2024 మార్చి నుంచి గృహజ్యోతి అనే ఉచిత కరెంటు పథకం వర్తించే ఇళ్ళలో 200 దాటితే ఆ నెల సున్నా బిల్లు పోతుంది. 250 వాట్ల హాలైడ్ నెలకు 60 యూనిట్లు, 40 వాట్ల పట్టీలు పదికి కాస్త తక్కువ. అంచున ఉన్న గృహజ్యోతి ఇంటికి ఈ తేడా వెయ్యి రూపాయలు దాటుతుంది.

పట్టీలకు ఉన్న పెద్ద లోపం ఉప్పు. ఏడాది తిరిగేసరికి పట్టీ చివర స్క్రూల చుట్టూ తెల్లటి పొర పేరుకుంటుంది, గోరుతో గీరితే దాని కింద రాగి పచ్చబడి కనిపిస్తుంది. క్లిప్పులు ముందు పోతాయి, తర్వాత డ్రైవరు పోతుంది. దీపానికీ నీటికీ మధ్య ఒక యాక్రిలిక్ పలక పెట్టి వారానికోసారి తడిగుడ్డతో తుడిస్తే చాలా మటుకు ఆగుతుంది. ఫ్యాన్లున్న ఖరీదైన దీపాలకు ఈ బెడద ఇంకా ఎక్కువ, ఉప్పూ ఎర్ర దుమ్మూ కలిసి ఆ ఫ్యాన్లను పట్టేస్తాయి. పట్టీ డ్రైవరు పోతే నిజామాబాద్ గాంధీచౌక్ చుట్టుపక్కల ఏ ఎలక్ట్రికల్ దుకాణంలోనైనా కొత్తది దొరుకుతుంది. ఆ ఖరీదైన దీపం పోతే హైదరాబాద్‌కు పంపాలి, వారంటీ గడువులో ఉంటే.