షేర్వానీయు, ధోవతియు, ఒక గీతమును

పాలమూరు సీమలోని షాద్‌నగరమునకు ఆ పేరు మహారాజా కిషన్ ప్రసాదు కవితానామమగు ‘షాద్’ నుండి వచ్చినది. ఉర్దూ పారసీకములలో కవిత్వము చెప్పి, నిజాము సంస్థానమునకు రెండుమారులు ప్రధానియైన ఆ ప్రభువు కాలమున షేర్వానీ మతభేదము లేక కొలువువారందఱి దుస్తే. దానిని తొడిగి తీరవలెననుటయే 1938లో విద్యార్థులకు గిట్టలేదు.

ఆ యేటి నవంబరులో ఔరంగాబాదు కళాశాల వసతిగృహమున ధోవతి కట్టుటను గూర్చియు, వందేమాతరము పాడుటను గూర్చియు రేగిన వివాదము నెలాఖరునకు ఉస్మానియా వసతిగృహములకు ప్రాకెను. ప్రార్థనకు కూడిన పిల్లలు గీతము నెత్తుకొనగా అధికారులు నిషేధించిరి. మానని వారిని తొలుత వసతిగృహముల నుండియు, పిదప చదువుల నుండియు వెడలగొట్టిరి. గుల్బర్గా, మహబూబునగరము, హనుమకొండ విద్యార్థులును వారితో గలసిరి. బహిరంగసభకు సర్కారు సెలవు కావలెనను ‘గస్తీ నిషాన్ 53’ చెల్లుచున్న రాజ్యమున, విద్యార్థికి గొంతెత్తుటకు ప్రార్థనాస్థలము కన్న వేఱు చోటేది? బహిష్కృతులకు నాగపురము విశ్వవిద్యాలయ ఉపకులపతి కేదారు ఆశ్రయమిచ్చెను. హనుమకొండనుండి పోయిన పి.వి. నరసింహారావును అందొకడు. చెఱసాలలో కొరడా దెబ్బ పడినప్పుడెల్ల వందేమాతరమని యఱచిన రామచంద్రరావునకు ఆ కేకయే ఇంటిపేరైనది. (పాడినందుకు వీరిని వెడలగొట్టిరి, జాతీయగీతము పాడక మౌనముగా నిలిచినందుకు కేరళమున ముగ్గురు పిల్లలను వెడలగొట్టగా, 1986లో సుప్రీము కోర్టు వారిని తిరిగి బడిలో చేర్చుకొనుమన్నది.)

షాద్‌నగరమునకు చేరువనున్న బూర్గుల గ్రామము ఇంటిపేరుగా గల రామకృష్ణారావుగారి కథ ఇంతకంటె చిక్కైనది. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున మాటాడబోగా సభికులు గేలిచేసిరి. ఆ యవమానమునుండి పుట్టిన ఆంధ్రజనసంఘ స్థాపకులలో బూర్గులవారొకరు. పలుకనీయకుండుట యెట్టిదో అంత దగ్గరగా నెఱిగిన యాయన 1952లో షాద్‌నగరమునుండియే శాసనసభ కెన్నికై ముఖ్యమంత్రి యయ్యెను. ఆ సెప్టెంబరులోనే, స్థానికేతరులకు కొలువులిచ్చుచున్నారని, ‘నాన్ ముల్కీ గో బ్యాక్’, ‘ఇడ్లీ సాంబార్ గో బ్యాక్’ అని కేకలిడుచు విద్యార్థులు వీథులకెక్కిరి. సిటీ కళాశాల యొద్ద పోలీసులు కాల్పులు జరిపిరి, యువకులు నేలగూలిరి. ఇడ్లీ సాంబారు కేకలో తోటి తెలుగువానియెడల ద్వేషము లేకపోలేదు. దానికి తుపాకి సమాధానము కాదు. కాల్పులను గూర్చి విచారించుటకు న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డిని నియమించినదియు బూర్గులవారి ప్రభుత్వమే.