లెక్కకు రాని ఓటు

పెడనలో ఓటరు జాబితా చేతికొస్తే మన పేరుకు పట్టిన గతి తెలుస్తుంది. ఫాతిమా 'పాతిమా' అవుతుంది, ఖాతూన్ 'కాతూను' అవుతుంది. అద్దకంలో అచ్చు కాస్త జరిగితే బట్ట పాడవుతుంది. జాబితాలో అక్షరం జరిగితే నువ్వు నువ్వేనా అని అడుగుతారు.

ఇది ఇవాళ్టిది కాదు. 1951-52 తొలి ఎన్నికలప్పుడు దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు జాబితాల్లోంచి కొట్టేశారు. వాళ్లు సొంత పేరు చెప్పకుండా 'ఫలానా వారి భార్య', 'ఫలానా వారి తల్లి' అని రాయించుకున్నారు. ఎక్కువమంది ఉత్తరాది వాళ్లు. అన్ని మతాల వాళ్లూ ఉన్నారు. పరదా మీదే నెపం వేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

మరి పేరుండీ, మనం వెళ్లేసరికే ఎవరో ఆ ఓటు వేసేసి ఉంటే? 1961 ఎన్నికల నిర్వహణ నిబంధనలు టెండర్ ఓటు ఇస్తాయి. మనం ఫలానా అని ప్రిసైడింగ్ అధికారికి నమ్మకం కుదిరితే యంత్రం మీద కాదు, కాగితం మీద ఓటు వేయిస్తాడు. మన పేరు 17బి ఫారంలో ఎక్కుతుంది, సంతకమో వేలిముద్రో పడుతుంది. కాగితం కవరులోకి పోతుంది. ఓట్ల లెక్కింపు రోజున ఆ కవరు విప్పరు.

అమెరికాలో 2002 చట్టం ప్రకారం జాబితాలో పేరు కనబడని వాళ్ల చేత కూడా తాత్కాలిక ఓటు వేయిస్తారు. పోలింగయ్యాక అధికారులే పరిశీలించి, అర్హత ఉంటే లెక్కలో కలుపుతారు. మన దగ్గర జాబితాలో పేరు లేకపోతే ఓటే లేదు. టెండర్ ఓటును చూసేది కోర్టు మాత్రమే. ఫలితం వచ్చిన 45 రోజుల్లో హైకోర్టులో పిటిషన్ పడాలి. ఓటరూ వేయొచ్చు, రెండు వేలు డిపాజిట్ కట్టాలి. వకీలు ఖర్చు వేరే. రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో 2008లో ఒక్క ఓటు తేడాతో ఫలితం తేలితే తగాదా టెండర్ ఓట్ల దాకా వచ్చింది. పిటిషన్‌లో చెప్పని ఓట్ల జోలికి పోకూడదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. పెద్ద నాయకుల తగాదాకే ఇన్ని మెలికలుంటే అద్దకం కూలికి వెళ్లే ఆపా ఏ కోర్టు మెట్లెక్కుతుంది?

అందుకే మన పోరాటం జాబితా దగ్గరే మొదలవ్వాలి. అచ్చుతప్పుల్ని పట్టించుకోకుండా మనిషిని చూసి ఓటివ్వాలని అవే నిబంధనలు ప్రిసైడింగ్ అధికారికి చెబుతున్నాయి. ఆ మాట మన ఇళ్లల్లో ఆడవాళ్లకు తెలియాలి. ఓటు పోయిందని తెలిసినా వెనక్కి రావద్దు. టెండర్ ఓటు అడిగి వేయాలి. లెక్కలో కలవకపోయినా, మేం వచ్చాం, మా ఓటు ఇంకెవరో వేశారు అని సర్కారు కాగితం మీద ఉంటుంది.