అమావాస్యకి చొల్లంగి, ఏకాదశికి అంతర్వేది

ఆ చితుకులు కాస్త ఎగదొయ్యరా, మంట ఆరిపోతోంది. వెనక కూర్చున్నవాళ్ళు కూడా దగ్గరికి జరగండి. పొద్దున్న కాకినాడలో టిఫిను తిని, మధ్యాహ్నం భోజనం వేళకి అంతర్వేది చేరిపోయామని మీ నాన్న గొప్పగా చెబుతున్నాడు. చేరతారు, కారుకేం! నేను మా మామ్మ చెయ్యి పట్టుకుని ఆ దారంతా నడిచాను. అమావాస్యనాడు చొల్లంగిలో మునిగి, ఏకాదశినాడు అంతర్వేదిలో తేలాం.

సప్తసాగర యాత్ర అంటారు దాన్ని. ధవళేశ్వరం దిగువన గోదారి పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది కదా, ఒక్కో పాయనీ ఒక్కో ఋషి వెంటపెట్టుకుని వెళ్ళాడని పెద్దల మాట. తుల్యభాగ, ఆత్రేయ, భారద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వాసిష్ఠ. ఏడుచోట్లా స్నానం చెయ్యాలి. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో తుల్యభాగ స్నానంతో మొదలు. మాఘ శుద్ధ ఏకాదశి, అదే భీష్మ ఏకాదశినాడు, అంతర్వేది సంగమంలో స్నానంతో ఆఖరు. పిల్లల్లేనివాళ్ళు మొక్కుకుని వెళ్ళేవారు. మేమూ మా మేనత్త కోసమే బయల్దేరాం. తర్వాత ఆవిడకి పిల్లలు పుట్టారా అని అడక్కండి, పుట్టలేదు. ఆ నడక గురించి చెప్పమంటే మాత్రం మంచం పట్టిన రోజుల్లో కూడా లేచి కూర్చునేది.

నాకప్పుడు పదేళ్ళుంటాయేమో. యానాం ఇంకా ఫ్రెంచివాళ్ళ చేతిలోనే ఉంది, అంటే 1954కి ముందు మాట. గుంపులో ఆడవాళ్ళే ఎక్కువ. నెత్తిమీద మూటలు, మూటల్లో అటుకులు, బెల్లం, ఓ సీసాడు ఊరగాయ, మార్చుకోడానికి ఓ చీర. చెప్పుల్లేవు. తీర్థానికి వెళ్తూ చెప్పులేమిటే అనేది మా మామ్మ. అసలు సంగతి బురద. మడ అడవి బురదలో దిగిన చెప్పు మళ్ళీ పైకి రాదు.

చొల్లంగి దాటాక కోరంగి వరకూ ఎడం చేతివైపంతా మడ అడవే. ఉప్పునీటి బురదలో గాలాడక, ఆ చెట్లు వేళ్ళని కింది నుంచి పైకి పొడుచుకొస్తాయి ఊపిరి కోసం. నేలంతా మేకులు పాతినట్టే ఉంటుంది. అక్కడ పొద్దున్నే పందుంపుల్ల కోసం మా అన్నయ్య దగ్గర్లో ఉన్న చెట్టు కొమ్మ విరవబోయాడు. కూడా ఉన్న జాలరాయన ఒక్క గెంతు గెంతి వాడి చెయ్యి పట్టుకున్నాడు. అది తిల్ల చెట్టుట. విరిస్తే తెల్లటి పాలు కారతాయి, అవి కంట్లో పడితే కళ్ళు పోతాయిట. మడా, పొన్నా, తిల్లా దేన్ని చూసి ఎలా గుర్తుపట్టాలో ఆ పూట నేర్పించాడాయన. ఆకు తుంపకుండానే గుర్తుపట్టాలి, అదీ చదువంటే.

కోరంగి ఇప్పుడు చూస్తే చిన్న ఊరు. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు అది. 1789లో ఒకసారి, 1839లో ఇంకోసారి సముద్రం ఉప్పెనై మీదకొచ్చేసరికి రేవు లేవలేకపోయింది. అయినా ఆ పేరు బంగాళాఖాతం దాటి వెళ్ళింది. బర్మాలో మన తెలుగు కూలీలందర్నీ, ఏ ఊరివాళ్ళనైనా, కోరంగీలనే పిలిచేవారట. మేం ఆ రాత్రి పడుకున్న అరుగు ఓ ముసలాయనది. జపానువాళ్ళు రంగూను మీద బాంబులు వేసినప్పుడు కొండలూ అడవులూ పట్టుకుని నడిచొచ్చినవాళ్ళలో ఆయనొకడు. మా కాళ్ళ బొబ్బలు చూసి నవ్వి, కొబ్బరినూనెలో పసుపు కలిపి రాయించాడు. అంతకుమించి తన నడక గురించి ఒక్క ముక్క చెప్పలేదు. మా మామ్మ గుచ్చిగుచ్చి అడిగింది కూడా.

యానాంలో మంగళవారం సంత. ఫ్రెంచి సరుకు చవగ్గా దొరుకుతుందని చుట్టుపక్కల ఊళ్ళన్నీ అక్కడే ఉండేవి. ఇంకో ముచ్చట చెప్పాలి, సిగ్గుపడాల్సిందే అయినా. మనవైపు శారదా చట్టం వచ్చాక చిన్నపిల్లల పెళ్ళిళ్ళు కుదరక, యానాం తీసుకెళ్ళి చేసేవారు. కళ్యాణపురం అనే పేరే ఉండేది దానికి. మా గుంపులోనే ఇద్దరు అక్కడ పెళ్ళాడినవాళ్ళు. ఆ సంత వీధిలో నడుస్తూ "ఇదుగో, ఈ పందిట్లోనే నాకు తాళి కట్టింది" అని ఒకావిడ చూపించింది. అప్పుడావిడకి ఎనిమిదేళ్ళు!

అక్కడ గౌతమి దాటాలి. ఇప్పుడైతే బాలయోగి గారి పేరు పెట్టిన వంతెన మీద రెండు నిమిషాల పని. అప్పుడు తెరచాప పడవ. సరంగు ఎప్పుడంటే అప్పుడు కదిలించేవాడు కాదు. పాటు మొదలైతే నది సముద్రంవైపు లాగేస్తుంది, పోటు వస్తే ఎగువకి తోస్తుంది. ఆ రెండింటి మధ్యా నీళ్ళు కాసేపు ఎటూ కదలకుండా నిలబడే వేళ చూసి తాడు విప్పేవాడు. ఆ వేళ కోసం రేవులో సగం రోజు కూర్చున్నాం. ఎవరూ విసుక్కోలేదు. చీరలు ఆరేసుకున్నారు, తలలు దువ్వుకున్నారు, తేగలు కాల్చుకుని తిన్నారు.

ఈ ఆటుపోట్ల లెక్కే ఆ యాత్రకి ప్రాణం. మా మామ్మకి అక్షరం ముక్క రాదు. పోటు రోజుకి రెండు ఘడియలు వెనక్కి జరుగుతుందని మాత్రం తెలుసు. ఇవాళ పొద్దున్న ఆరింటికి వచ్చిన పోటు రేపు ఏడుకి పది నిమిషాలు తక్కువలో వస్తుందన్నమాట. అమావాస్యకీ పున్నానికీ పెద్ద పోట్లు, అష్టమి దాటాక చిన్నవి. ఇప్పుడు చూడండి, మొదటి స్నానం అమావాస్యనాడు. చొల్లంగి దగ్గర తుల్యభాగ చిన్న పాయ, పెద్ద పోటు వస్తేనే నిండుగా ఉంటుంది. ఆఖరి స్నానం ఏకాదశినాడు. అంతర్వేదిలో వాసిష్ఠ మొగ పెద్దది, లాగుడు ఎక్కువ. అక్కడికి వేలమంది దిగే రోజుకి పోటుపాట్లు బాగా తగ్గి ఉంటాయి. ఋషులే పెట్టారో, పల్లెకారులు పెట్టారో, అదే అలా కుదిరిందో. పల్లెకారులే అని నా అనుమానం.

ఎదుర్లంక దిగాక మురమళ్ళలో వీరేశ్వరస్వామి కళ్యాణం చూశాం. అక్కడ రోజూ రాత్రి కళ్యాణమే. తర్వాత పుంత దారి, కాలవ గట్లు, కొబ్బరితోటలు. దాళ్వా నాట్లు పడుతున్నాయి, గట్ల మీద జారకుండా బొటనవేలు నేలలోకి దించి నడవాలి. తోటల్లోంచి వెళ్తుంటే ఎవరూ ఎవర్రా మీరు అనేవాళ్ళు కాదు. యాత్రవాళ్ళని తెలిస్తే బొండాలు కొట్టించి మరీ ఇచ్చేవారు. కుండలేశ్వరంలో వృద్ధగౌతమి స్నానం అయ్యాక మళ్ళీ సముద్రం ఒడ్డు పట్టుకున్నాం.

ఇసకలో నడక గురించి ఒక్కటి చెబుతా. పొడి ఇసకలో అడుగు ముందుకి వేస్తే సగం వెనక్కి పోతుంది, మధ్యాహ్నమైతే కాళ్ళు కాలిపోతాయి. పాటు తీసినప్పుడు నీళ్ళు వదిలి వెళ్ళిన తడి ఇసక గట్టిగా ఉంటుంది, బండి కూడా పోతుంది దాని మీద. అందుకే మేం గడియారం చూసి లేవలేదు, పాటు చూసి లేచాం. ఒకరోజు అర్ధరాత్రి దాటాక లేపారు.

ఆ ఒడ్డునే మంచినీళ్ళు అయిపోయాయి. ఊరు కనుచూపు మేరలో లేదు. నేను ఏడుపు మొదలెట్టాను. మా మామ్మ ఇసకదిబ్బకి అవతల, రావణాసురుడి మీసాలు మొలిచిన చోట గొంతుక్కూర్చుని రెండు చేతులా తవ్వడం మొదలెట్టింది. మోచెయ్యంత లోతుకి ఇసక రంగు మారింది. ఇంకో జానెడుకి చుట్టూ అంచుల్లోంచి బొట్లుబొట్లుగా నీళ్ళు ఊరాయి. మొదటి చెంబు పారబోసింది, రెండోది తేరనిచ్చి పైటకొంగుతో వడగట్టి నా చేతికిచ్చింది. తియ్యటి నీళ్ళు! ఇరవై బారల దూరంలో సముద్రం ఘోష పెడుతోంది. సంబరంగా నేనింకా లోతు తవ్వబోతే చేతి మీద ఒక్కటేసింది. వాననీరు తేలిక, ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. చెలమ లోతెక్కువైతే కిందది పైకొచ్చి మొత్తం ఉప్పనైపోతుంది. తాగడం అయ్యాక ఇసక పూడ్చకుండా, పశువు కాలు పడకుండా చుట్టూ ముళ్ళకంప పెట్టి వచ్చింది. వెనక ఇంకో గుంపు వస్తోంది కదా.

అల్లవరం దిగువన కౌశిక స్నానం. కౌశిక అప్పటికే చిన్నబోయింది, ఇప్పుడైతే మురుగు కాలవ కింద లెక్క. ఓడలరేవు దగ్గర వైనతేయ అడ్డొచ్చింది. తమాషా ఏమిటంటే, అంత పెద్ద పాయ ఏడింటి లెక్కలో లేదు. లెక్కలో లేకపోతేనేం, ఆ రేవులో గాలికి పడవ వంగినప్పుడు అందరం అంతర్వేది నరసింహస్వామినే తలుచుకున్నాం.

అంతర్వేది గురించి మీకు తెలిసిందే. దశమి రాత్రి కళ్యాణం, ఏకాదశినాడు రథం. ఇప్పుడున్న గుడి 1823లో కట్టించింది కోపనాతి కృష్ణమ్మ. పేరు చూసి ఆడమనిషి అనుకునేరు, ఓడలు నడిపిన మగాడు. అక్కడి పాత రథం ఇప్పుడు లేదు, 2020 సెప్టెంబరులో కాలిపోయింది. మరుసటేడు తీర్థానికి కొత్తది తయారైంది.

ఆ దారి ఇప్పుడుందా అంటే, ముక్కలుగా ఉంది. మేం అడ్డంగా నడిచిన పర్రలన్నీ రొయ్యల చెరువులయ్యాయి. గట్ల మీద కంచె, కంచె వెనక కాపలా కుక్క. చెరువుల పక్క ఊళ్ళలో నూతులే ఉప్పనైపోతుంటే ఇంక చెలమల మాటెందుకు. పుంతలు కొన్ని తోటల్లో కలిసిపోయాయి. 1996 నవంబరు తుపానుకి కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడిపోయాక, ఫలానా చెట్టు దగ్గర కుడికి తిరగాలని చెప్పడానికి చెట్టే లేకుండా పోయింది. భైరవపాలెం వైపు ఎన్ని ఇళ్ళలో మగదిక్కు పోయిందో. వంతెనలు వచ్చాయి, మంచిదే. పురిటికి పడవ కోసం కాచుకుని రేవులోనే ప్రాణం వదిలిన ఆడవాళ్ళని నేను చూశాను. వంతెన వద్దనే మనిషి ఆ రేవుల్లో బతకలేదని నా లెక్క.

నడవాలని ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి. మొత్తం ఏడు పాయలూ మీవల్ల కాదు. మడ అడవి చూడ్డానికి కోరంగిలో చెక్క బాట వేశారు, అక్కడ బురద తొక్కక్కర్లేదు. ఒడ్డున నడవాలంటే ఎస్. యానాం నుంచి ఓడలరేవు దాకా చాలు. ఇందాకటి ఫ్రెంచి యానాం వేరు, ఇది వేరు. తెల్లవారుజామున పాటు ఎప్పుడో ముందురోజే పల్లెలో అడిగి పెట్టుకోండి, ఫోనులో చూసింది నమ్మి బయల్దేరకండి. మొగల దగ్గర నీళ్ళలోకి దిగొద్దు, నీరు పైకి నిమ్మళంగా ఉన్నా అడుగున లాగేస్తుంది. ఈ నెలల్లో తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి, వాటి మొహాన టార్చి కొట్టకండి. మంచినీళ్ళు మోసుకెళ్ళండి. ఎంతమంది వస్తారో రాత్రికే చెప్పండి, ఎస్. యానాంలో ఒకరింట్లో పడుకోడానికి కబురు పెట్టాలి. నేను నడవలేను. ఓడలరేవులో ఆటో పెట్టుకుని కూర్చుంటా, అటుకులు నా దగ్గరుంటాయి.