లగ్గానికొచ్చిన చుట్టాలకు పొలాస తోవ

జగిత్యాలలో లగ్గం చాలాసార్లు పొద్దుగాల్నే అయిపోతుంది. అప్పగింతలు సాయంత్రం. నడుమ దొరికిన పూటలో సిరిసిల్ల, కోరుట్ల నుంచి వచ్చిన చుట్టాలు కొండగట్టు అంజన్నకు మొక్కి, ఓపికుంటే ధర్మపురికి పోయి గోదారిలో మునిగి వస్తారు. మంచిదే. నన్నడిగితే మాత్రం ముందు పొలాస తోవ చూపిస్తాను.

పొలాస మా పట్నానికి పక్కనే. ఆ పేరు వింటే ఇప్పుడు వ్యవసాయ కళాశాల, పరిశోధనా స్థానం గుర్తొస్తాయి. పన్నెండో శతాబ్దంలో అది మేడరాజు ఏలిన పొలవాస. కాకతీయ రుద్రదేవుడు అతణ్ని ఓడించి పొలవాస దేశాన్ని కలుపుకున్న ముచ్చట హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి శాసనంలో ఉంది. అది గెలిచినవాళ్లు రాయించుకున్న రాత. ఓడినవాళ్ల ఊరు కాబట్టేనేమో, ఓరుగల్లుకు పోయినట్టు ఇక్కడికి ఎవరూ బస్సులు కట్టుకొని రారు. పౌలస్తేశ్వరుని గుడిలో కాసేపు కూర్చోండి. వస్తూ వస్తూ పరిశోధనా స్థానం మడులూ చూడండి. జగిత్యాల సన్నాలు, అదే జేజీఎల్ 1798, ఇక్కడి వంగడమే. పేరున్న జేజీఎల్ 24423 కూడా ఇక్కడిదే. మధ్యాహ్నం మీరు తిన్న బువ్వ ఏ వంగడమో వంటవాళ్లను అడిగి చూడండి, మా ఊరి పేరే చెప్పొచ్చు.

తర్వాత ఖిల్లా. 1747లో ఇబ్రహీంఖాన్ ధంసా కట్టించాడు. నక్షత్రం ఆకారం, చుట్టూ కందకం, పైన ఫిరంగులు. ఫ్రెంచి ఇంజినీర్ల చెయ్యి ఉందంటారు. గోడల మూలలు చూస్తే నమ్మబుద్ధవుతుంది.

అక్కణ్నుంచి టవర్ దగ్గరికొచ్చి చాయ్ తాగుతూ మా పెద్దమనుషులను 1978 గురించి అడగండి. ఆ సెప్టెంబరులో ఊళ్లకు ఊళ్లు కదిలి, వెట్టి వద్దని, దొరల చేతిలోని భూములు కావాలని రైతుకూలీలు జగిత్యాలకు నడిచొచ్చారు. జైత్రయాత్ర అన్నది దాన్నే. మరుసటి నెలలోనే సర్కారు సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. వియ్యం అందుకోవడానికి చాలా ముందే రెండూళ్లూ ఒకే కాయితం మీదికెక్కాయి.

రేపు కూడా ఉంటామంటే కోటిలింగాల పోవచ్చు. ధర్మపురి వాసి సంగనభట్ల నరహరిశర్మ అక్కడ ఏరి తెచ్చిన నాణేలతోనే తొలి శాతవాహనుల చరిత్ర గోదారి ఒడ్డుకు చేరింది.

సిరిసిల్లవాళ్లు తిరిగిపోయేటప్పుడు ఎట్లాగూ వేములవాడ రాజన్న దగ్గర ఆగుతారు. దానికంటే ముందు కురిక్యాల బొమ్మలగుట్ట దగ్గర బండి ఆపండి. పంప కవి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో చెక్కించిన శాసనంలో తెలుగు కందపద్యాలున్నాయి. రాళ్ల మీదుగా ఎక్కాలి, పట్టుచీరలు విడిదింట్లోనే మార్చుకొని బయల్దేరండి.