తాతగారి కింకోరా

నాతో పదకొండేళ్ళు పక్కపక్కన కూర్చుని పనిచేసిన ఐరిష్ అమెరికన్ మిత్రుడొకాయన 1999లో రిటైరవుతూ నా చేతిలో ఒక పాత క్యాసెట్టు పెట్టాడు. మేముండేది చికాగో శివార్లలో. "నీకు సంగీతం వచ్చు కదా, ఇందులో ఉన్న బాణీల పేర్లేమిటో కనిపెట్టి చెప్పు" అన్నాడు. నాకు వచ్చిన సంగీతం ఏపాటిదంటే, చిన్నప్పుడు తెనాలిలో నాలుగేళ్ళు వయొలిన్ నేర్చుకుని వర్ణాల దగ్గర ఆపేసినంత. ఆ సంగతి ఎప్పుడో లంచ్ టైములో నోరు జారి చెప్పాను. ఆయన మరిచిపోలేదు.

క్యాసెట్టు మీది కాగితం ఎప్పుడో ఊడిపోయింది. ఎవరు వాయించారో, ఏమి వాయించారో ఆధారం లేదు. ఎవరో బంధువు కాపీ చేసి ఇచ్చాడట. మా మిత్రుడి తాతగారు కౌంటీ మేయోలో పుట్టి, కుర్రతనంలోనే చికాగో వచ్చి, ట్రాము కండక్టరుగా పనిచేసి ఇక్కడే పోయారు. ఆయన ఫిడేలు వాయించేవారు. "మా తాత ఏది వాయించబోయినా ముందు దాని పేరు చెప్పేవాడు. మేము పిల్లలం, వినిపించుకుంటేగా! ఈ క్యాసెట్టులో మొదటిది మాత్రం గుర్తుంది. దాన్ని తాత 'కింకోరా' అనేవాడు. మిగతావి కూడా ఆయన వాయించినవే అనిపిస్తుంది, పేర్లు మాత్రం ఒక్కటీ గుర్తు రావు" అన్నాడు. అరవై రెండేళ్ళ మనిషి. అలా అన్నప్పుడు ఆయన మొహం చూసి కాదనలేకపోయాను.

వాయించింది ఎవరో తెలుసుకోవడం కష్టం కాలేదు. మా ఊరి లైబ్రరీలో ఉన్న ఐరిష్ సీడీలన్నీ వరసగా తెచ్చుకుని క్యాసెట్టుతో పోల్చుకుంటూ పోతే ఆరోదో ఏడోదో సరిపోయింది. అది బాథీ బ్యాండ్ వారి తొలి ఆల్బమ్, 1975లో వచ్చింది. ఫ్లూటు మాట్ మొలోయ్, ఫిడేలు టామీ పీపుల్స్, ఇలిన్ పైప్స్ ప్యాడీ కీనన్, బుజూకీ డోనల్ లనీ, గిటారు మీహాల్ ఓ డోనల్, క్లావినెట్టు, పాట ఆయన సోదరి ట్రీనా. ఇలిన్ పైప్స్ అంటే నోటితో ఊదకుండా మోచేతి కింద తిత్తి నొక్కుతూ వాయించే వాద్యం. అందులో మన తంబురా శ్రుతిలాగా ఒక స్వరం అడుగున మోగుతూనే ఉంటుంది. మన చెవికి ఆ సంగీతం కొత్తగా అనిపించకపోవడానికి అదొక కారణం కాబోలు.

సీడీ అట్ట మీద పేర్లన్నీ ఉన్నాయి. పని అయిపోయిందనుకున్నాను. తీరా చూస్తే మొదటి వరసలో 'కింకోరా' లేదు. 'కెష్ జిగ్' అని ఉంది. దాని పక్కన గీత గీసి మరో పేరు, మళ్ళీ గీత, మళ్ళీ పేరు. మొత్తం నాలుగు. ఈ నాలుగూ ఎక్కడా ఆగకుండా ఒకటే ధారగా సాగిపోతాయి. ఒకటి ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలవుతుందో మనమే పట్టుకోవాలి.

అందుకు నా వర్ణాల చదువు కొంత పనికొచ్చింది. ఐరిష్ నాట్యపు బాణీలు ఎక్కువ భాగం రెండు అంగాలుగా ఉంటాయి. ఒక్కొక్కటి ఎనిమిది బార్లు, ఒక్కొక్కదాన్ని రెండేసి సార్లు వాయిస్తారు. మన పల్లవి, చరణం అనుకోండి. మొత్తాన్ని రెండు మూడు ఆవృత్తాలు తిప్పి, కొత్త బాణీలోకి దూకుతారు. తాళాన్ని బట్టి జాతి తెలుస్తుంది. తకిట తకిట అని నడిస్తే జిగ్, తకధిమి తకధిమి అని పరిగెత్తితే రీల్, మూడు తకిటలు వరసగా వస్తే స్లిప్ జిగ్. వేలితో తొడ మీద తాళం వేసుకుంటూ, స్వరాలు కాగితం మీద రాసుకుంటూ విన్నాను. మొదటి ప్రయత్నంలో నాలుగు బాణీలను మూడుగా లెక్కపెట్టాను. మా అమ్మాయి పక్కనుంచి విని, "నాన్నా, అక్కడ మారింది" అని సరిదిద్దింది.

అసలు చిక్కు కింకోరా దగ్గర వచ్చింది. తాతగారి మాట తప్పా? అట్ట మీది మాట తప్పా? దీనికి జవాబు వెతుకుతూ పోతే దొరికినవాడు ఒక పోలీసు!

ఆయన పేరు ఫ్రాన్సిస్ ఓనీల్. 1848లో కౌంటీ కార్క్‌లో, బాంట్రీ దగ్గర ట్రాలిబేన్ అనే పల్లెలో పుట్టాడు. అవి బంగాళాదుంప తెగులుతో వచ్చిన మహాక్షామపు రోజులు. 1845 నుంచి 1852 దాకా సాగిన ఆ కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు, అంతకు మించిన సంఖ్యలో దేశం విడిచి వెళ్ళారు. ఓనీల్ పదహారేళ్ళ వయసులో ఇల్లు వదిలి ఓడ ఎక్కాడు. పసిఫిక్ సముద్రంలో బేకర్ ద్వీపం దగ్గర ఆయన ఎక్కిన ఓడ పగిలిపోయింది. కాపాడిన ఓడలో అందరికీ అర్ధాకలే. ఆ ఓడలో ఒక హవాయి నావికుడి దగ్గర ఫ్లూటు ఉంటే ఓనీల్ అడిగి తీసుకుని వాయించాడట. అది విని మురిసిపోయిన ఆ నావికుడు తన తిండిలో వాటా పెట్టాడట. ఈ కథ ఓనీలే రాసుకున్నాడు.

1873లో ఆయన చికాగో పోలీసుల్లో చేరాడు. చేరిన కొత్తల్లోనే ఒక దొంగ కాల్చిన గుండు ఒంట్లో ఉండిపోయింది. 1901లో నగరానికి పోలీసు చీఫ్ అయ్యాడు, 1905 దాకా ఆ పదవిలో ఉన్నాడు. ఆ రోజుల్లో చికాగోలో ఐర్లండు నలుమూలల నుంచి వచ్చిన వాళ్ళున్నారు. మేయో మనిషి, కార్క్ మనిషి, స్లైగో మనిషి తమ దేశంలో ఉన్నంతకాలం ఒకరినొకరు చూసి ఉండరు. ఇక్కడ ఒకే వీధిలో ఉన్నారు. ఒక్కొక్కడి దగ్గర వాళ్ళ పల్లె బాణీలు వేరు. కొందరు వాటిని నగల్లాగా దాచుకునేవారు, వేరేవాడు నేర్చుకుంటాడేమోనని ఎదుట వాయించేవారు కాదు. ఓనీల్ వాళ్ళ వెంటపడి విన్నాడు. ఆయనకు ఒకసారి వింటే గుర్తుండేది కాని, రాయడం రాదు. రాయడం వచ్చినవాడు కౌంటీ డౌన్ నుంచి వచ్చిన జేమ్స్ ఓనీల్. ఇంటిపేరు ఒకటే కాని బంధువు కాదు. ఫ్రాన్సిస్ వినిపిస్తే జేమ్స్ రాసేవాడు. అలా 1903లో 1850 బాణీలతో 'మ్యూజిక్ ఆఫ్ ఐర్లండ్' అనే పుస్తకం వచ్చింది. 1907లో నాట్యపు బాణీలు 1001 ఏరి మరో పుస్తకం వేశారు. ఐర్లండులో వాయిద్యగాళ్ళు ఇవాళ్టికీ దాన్ని 'ద బుక్' అనే అంటారు.

నేను ఆ 1903 పుస్తకం పునర్ముద్రణ తెప్పించి, నేను రాసుకున్న స్వరాలతో ఒక్కొక్క జిగ్ పోలుస్తూ కూర్చున్నాను. మూడు శనివారాలు పట్టింది. దొరికింది. ఆ పుస్తకంలో ఆ బాణీ పేరు 'కింకోరా జిగ్'! కింకోరా అంటే 1014లో క్లాంటార్ఫ్ యుద్ధంలో మరణించిన మహారాజు బ్రయన్ బోరూ కోట పేరు. ఐర్లండులో కెష్ అని పిలుస్తున్న బాణీనే చికాగో పుస్తకం కింకోరా అంది. రెండూ సరైన పేర్లే.

ఈ కబురు ఫోను చేసి గర్వంగా చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. "అయితే మా తాత దాన్ని మేయోలో నేర్చుకోలేదన్న మాట. ఇక్కడికొచ్చాక పుస్తకంలో చూసి నేర్చుకున్నాడు" అన్నాడు. ఆ సంగతి నాకు తట్టనే లేదు. చిన్నప్పటినుంచి ఆయన ఆ బాణీని మేయో పొలాల్లోంచి వచ్చిన వారసత్వంగా అనుకుంటున్నాడు. నేను పోయి దాన్ని చికాగో అచ్చాఫీసులోకి తెచ్చి పడేశాను. బాణీ ఊళ్ళోదే కావచ్చు, పేరు మాత్రమే ఇక్కడిది కావచ్చు అని సర్దిచెప్పబోయాను. ఆ మాట ఆయనకు ఆనలేదని గొంతులోనే తెలిసింది.

దానితో మిగతా బాణీలు మరింత జాగ్రత్తగా చూశాను. ఆల్బమ్ చిట్టచివరి వరస మూడు రీళ్ళు. మొదటిది 'సాలమాంకా'. అది స్పెయిన్‌లో ఊరి పేరు. 1812లో అక్కడ జరిగిన యుద్ధం వల్ల ఆ పేరు వచ్చిందంటారు కొందరు, అక్కడి ఐరిష్ కళాశాల వల్లనంటారు మరికొందరు. మూడోది 'సెయిలర్స్ బానెట్'. దాని వెనక న్యూయార్క్ ఉంది. కౌంటీ స్లైగోలో 1891లో పుట్టిన మైకేల్ కోల్మన్ 1914లో అమెరికా వచ్చాడు. 1921 నుంచి 1936 దాకా న్యూయార్క్‌లో గ్రామఫోను రికార్డులిచ్చాడు. 1934లో ఆయన మూడు రీళ్ళు కలిపి ఒక వరసగా వాయించాడు, అందులో ఆఖరిది సెయిలర్స్ బానెట్. ఆ వరసలో మొదటిదైన 'టార్బోల్టన్' పేరు స్కాట్లండులో ఊరిది. వలస వచ్చినవాళ్ళు ఈ రికార్డులు కొని ఇంటికి పంపేవారు. పల్లెల్లో గ్రామఫోను చుట్టూ చేరి, కోల్మన్ వాయించినట్టే వాయించడం నేర్చుకున్నారు. మిగతా జిల్లాల బాణీలను స్లైగో బాణీ కమ్మేసిందని ఇప్పటికీ వాపోయే పండితులున్నారు. ఆ మూడు రీళ్ళనూ నేటికీ కోల్మన్ పేర్చిన వరసలోనే వాయిస్తారు. ఆయన మాత్రం తిరిగి ఇంటికి వెళ్ళకుండానే 1945లో న్యూయార్క్‌లో పోయాడు.

ఇలా చూస్తే ఆ ఆల్బమ్ నిండా వలసే. బాథీ అంటే స్కాట్లండు పొలాల్లో కూలికి వెళ్ళిన ఐరిష్‌వాళ్ళు తలదాచుకున్న పాక. 'నావీ ఆన్ ద లైన్' అన్న బాణీలో నావీ అంటే రైలు దారులు వేసిన కూలీ. 'మార్టిన్ విన్స్' అన్న రీల్ స్లైగో నుంచి వెళ్ళి న్యూయార్క్‌లో స్థిరపడ్డ ఫిడేలు వాద్యకారుడు కట్టినది. ఒక గేలిక్ పాట పేరుకి అర్థమే 'నేను ఐర్లండులో లేకపోవడం ఎంత బాధ' అని. 'హెక్టర్ ద హీరో' ఐరిష్‌దే కాదు. స్కాట్లండు వాద్యకారుడు స్కాట్ స్కిన్నర్ 1903లో కట్టిన శోకగీతం. 'బటర్‌ఫ్లై' అనే స్లిప్ జిగ్ డబ్లిన్ ఫిడేలు వాద్యకారుడు టామీ పాట్స్ పాత బాణీల్లోంచి అల్లినది. కల్తీలేని సొంత ఊరి బాణీ కోసం వెతికితే ఎక్కడా చిక్కదు. చిక్కేది, ఎవరి దగ్గరనుంచి ఎవరికి వచ్చింది అన్న వరస మాత్రమే.

ఈ సంగతి ఐరిష్‌వాళ్ళకు బాగా తెలుసు. బ్రెండన్ బ్రెథ్నాక్ అనే పండితుడు 1963 నుంచి వేసిన సంపుటాల్లో ఏ బాణీ ఎవరు వాయించగా రాసుకున్నదీ చెబుతాడు. మొదటి స్వరాలకు అంకెలు వేసి, ఆ అంకెలతో బాణీని వెతుక్కునే సూచిక కూడా తయారుచేశాడు. పేరు తెలియనిదాన్ని 'గన్ ఆనిమ్' అంటారు. పేరు లేనిది అని అర్థం. అది తీసిపారేసే మాట కాదు. వెతకడం మిగిలి ఉంది అని చెప్పే మాట. ఇప్పుడైతే ఫోను దగ్గర రెండు వరసలు వాయిస్తే పేరు చెప్పే పరికరాలు వచ్చాయి. అవి కూడా వెతికేది ఓనీల్ లాంటి వాళ్ళు రాసిపెట్టిన పుస్తకాల్లోనే.

ఈ వెతుకులాటలో నాకొకటి అనుకోకుండా దొరికింది. తెనాలిలో మా మాస్టారు నాకు నేర్పిన నొట్టుస్వరాల్లో 'వందే మీనాక్షీ' ఒకటి. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసులో ఇంగ్లీషు దొరల బ్యాండు వాయించిన బాణీలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కట్టాడు. వాటిని సుబ్బరామ దీక్షితులు 1905లో 'ప్రథమాభ్యాస పుస్తకము'లో తెలుగు లిపిలో అచ్చువేశాడు. 'వందే మీనాక్షీ' బాణీ 'లిమరిక్' అనే ఐరిష్ బాణీ! అంటే నా మొదటి ఐరిష్ పాట చికాగోలో విన్నది కాదు, తెనాలి అరుగు మీద పదేళ్ళప్పుడు అపశ్రుతులతో వాయించినది.

మిత్రుడికి చివరికి నాలుగు పేజీల కాగితం ఇచ్చాను. ప్రతి బాణీకీ పేరు, మరో పేరు, ఎవరి దగ్గరనుంచి వచ్చింది అన్నది, తెలిసినంత మేరకు. కింకోరా పక్కన ఆయనే పెన్నుతో 'తాత' అని రాసుకున్నాడు.

ఆ రాత్రి నా సొరుగులో ఉన్న క్యాసెట్టు తీశాను. మా అమ్మ 1992లో ఇక్కడికొచ్చినప్పుడు వంటింట్లో కూర్చోబెట్టి పాడించినది. మీద నా చేతిరాతతో 'అమ్మ పాటలు' అని ఉంది, అంతే. అందులో పదిహేడు పాటలున్నాయి. లాలి, మంగళహారతులు, సువ్వి పాటలు. ఏది ఎవరి దగ్గర నేర్చుకున్నావని నేను ఒక్కటి కూడా అడగలేదు. అప్పటికి అమ్మ పోయి రెండేళ్ళు.

తెనాలిలో పిన్నికి ఫోను చేసి, రిసీవరు దగ్గర క్యాసెట్టు పెట్టి ఒక్కొక్కటే వినిపించాను. "ఒరేయ్, అది మా అమ్మది కాదురా. మీ నాయనమ్మ నేర్పింది. కాపురానికి వచ్చిన కొత్తల్లో అక్క రాత్రిళ్ళు రాసుకునేది" అంది ఒకదానికి. ఇంకోదానికి, "ఇది పక్కింటి రంగుల అద్దకం వాళ్ళ ముసలమ్మ పాడేది, ఆవిడ పేరే తెలీదు" అంది. అలా పదకొండు తేలాయి. ఆరింటికి పిన్ని కూడా, "ఏమోరా, ఎప్పుడూ వినలేదు" అంది.

ఆ పదకొండూ కాగితం మీద రాసి క్యాసెట్టు పెట్టెలో మడిచి పెట్టాను. మిగిలిన ఆరింటి ఎదురుగా 'గన్ ఆనిమ్' అని తెలుగులో రాశాను. మన పత్రిక చదివేవారిలో ఇళ్ళల్లో ఇంకా అమ్మలు, అత్తయ్యలు, అమ్మమ్మలు పాడగలిగిన స్థితిలో ఉన్నవారు చాలామంది ఉంటారు. రికార్డు చేసేటప్పుడు పాట అయ్యాక మీట నొక్కేయకండి. ఎవరు నేర్పారని అడిగి, ఆ జవాబు కూడా పట్టుకోండి.