భార్ ఓఎస్ నుంచి గ్రాఫీన్ దాకా: ప్రైవసీ వేరు, సెక్యూరిటీ వేరు

మన వడమాలపేట మీదుగా పోయే రోడ్డు పట్టుకుంటే చెన్నై. అక్కడి ఐఐటీ మద్రాస్‌లో 2023 జనవరిలో భార్ ఓఎస్‌ని పరిచయం చేశారు. స్వదేశీ, సేఫ్, ముందే వేసిన యాప్‌లు ఉండవు అన్నారు. పునాది మాత్రం ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ కోడే. మొదట కట్టుదిట్టమైన భద్రత కావాల్సిన సంస్థలకే ఇచ్చారు. మనలాంటోళ్లకి వేసి చూసే వీలు రాలేదు.

ఆ కోడ్ మీద కట్టడం తప్పేం కాదు. 2009లో మొదలైన సయానోజెన్‌మాడ్‌దీ అదే పునాది. అది 2016 చివర్లో ఆగిపోతే, దాన్నుంచే లీనియేజ్ ఓఎస్ పుట్టింది. గూగుల్ యాప్‌లు లేకుండా వస్తుంది, కంపెనీ వదిలేసిన పాత ఫోన్లకీ ప్రాణం పోస్తుంది. ప్రైవసీకి మంచిదే. కానీ చాలా ఫోన్లలో బూట్‌లోడర్ తెరిచే ఉంచాలి. ఫోన్ వేరేవాళ్ల చేతికి చిక్కితే, సిస్టమ్‌నే మార్చేయొచ్చు. కిటికీకి కర్టెన్ వేసి, తలుపుకి గడియ పెట్టనట్టు!

గ్రాఫీన్ ఓఎస్ దారి వేరు. ఇన్‌స్టాల్ అయ్యాక బూట్‌లోడర్ మళ్లీ లాక్ చేయమంటుంది. ఆ సదుపాయం సరిగ్గా ఉండాలనే ఏళ్లపాటు పిక్సెల్ ఫోన్ల మీదే నడిచింది. గూగుల్‌కి దూరం కావాలంటే గూగుల్ ఫోనే కొనాలన్నమాట!

కాబట్టి ఎవరైనా "సేఫ్" అంటే మూడు అడగండి. కోడ్ చూడొచ్చా? సెక్యూరిటీ ప్యాచ్‌లు టైముకి వస్తాయా? బూట్‌లోడర్ మళ్లీ లాక్ అవుతుందా? ఇంకోమాట: అన్‌లాక్ చేస్తే ఫోన్లో డేటా మొత్తం చెరిగిపోతుంది, కొన్ని బ్యాంక్ యాప్‌లు మొరాయిస్తాయి. బ్యాకప్ తీశాకే చెయ్యి పెట్టండి.