దీర్ఘవ్యాధి పింఛన్లు (ఆంధ్రప్రదేశ్)

ఏళ్ల తరబడి వదలని జబ్బుతో బతుకుతున్న పేదలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలనెలా ఇచ్చే నగదును స్థూలంగా దీర్ఘవ్యాధి పింఛన్లు అనవచ్చు. ఉత్తర్వుల్లో ఈ పేరు లేదు. అక్కడ ఇవి సామాజిక భద్రతా పింఛన్లలో కొన్ని తరగతులు మాత్రమే. మూత్రపిండాల వ్యాధి, తలసీమియా, సికిల్ సెల్, తీవ్ర హిమోఫీలియా, రెండు కాళ్లకూ ముదిరిన బోదకాలు, మంచం దిగలేని పక్షవాతం ఉన్నవారు, మూత్రపిండం, కాలేయం, గుండె మార్పిడి చేయించుకున్నవారు ఈ తరగతుల్లో వస్తారు. హెచ్‌ఐవీకి మందులు వాడేవారి పింఛను పాతది. అది వృద్ధాప్య పింఛను స్థాయిలోనే నడుస్తూ వచ్చింది. పథకం పేరు ప్రభుత్వంతోపాటు మారుతుంది: ఎన్టీఆర్ భరోసా, 2019 తర్వాత వైఎస్సార్ పింఛను కానుక, 2024 జులై నుంచి మళ్లీ ఎన్టీఆర్ భరోసా. ఊళ్లో మాత్రం ఎప్పుడూ పింఛనే.

నేపథ్యం

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వైద్య పథకం ఆస్పత్రికి డబ్బు కడుతుంది, రోగి చేతికి ఇవ్వదు. ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వెళ్లే జబ్బులకు ఆ ఏర్పాటు బాగానే పనిచేసింది. చావువరకూ వెంట ఉండే జబ్బు ఖర్చు వేరు. దానిలో ఎక్కువ భాగం ఆస్పత్రి గేటు బయటే అవుతుంది. ఆటో, బస్సు, తోడు వచ్చినవాళ్ల భోజనం, బయట కొనమని రాసిచ్చిన మందు, అన్నిటికన్నా మించి పోయిన కూలి. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో మొత్తం వైద్య వ్యయంలో జనం సొంత జేబు నుంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం. తగ్గుదల చెప్పుకోదగ్గదే. అయితే ఈ లెక్కలు చూసేది వైద్యంపై పెట్టిన ఖర్చును. పోయిన కూలికి అందులో చోటు లేదు.

కేంద్రం ఇచ్చే వికలాంగుల పింఛను 80 శాతం వైకల్యం ఉన్నవారికి నెలకు రూ. 300. వైకల్య శాతంలో కొలవలేని మూత్రపిండాల జబ్బుకు ఆ దారి పెద్దగా పనికిరాలేదు. తలసీమియా, హిమోఫీలియా, సికిల్ సెల్‌లను వైకల్యాల జాబితాలోకి తెచ్చింది 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం.

ఉద్దానం

ఈ పింఛన్ల చరిత్ర రాసేవారెవరైనా ఉద్దానం దగ్గర ఆగక తప్పదు. శ్రీకాకుళం జిల్లా ఉత్తర కొసన కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడితోటల నేల ఇది. ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. షుగరు లేకుండా, బీపీ కూడా పెద్దగా లేకుండా మూత్రపిండాలు మెల్లగా పాడయ్యే జబ్బు ఇక్కడ రెండు మూడు దశాబ్దాలుగా ఉంది. సర్వేల్లో తేలిన సంఖ్యలు కొంత అటూ ఇటూగా ఉన్నా, పెద్దవాళ్లలో ఐదుగురికి ఒకరు ఈ జబ్బు పరిధిలో ఉన్నారన్న అంచనా అతిశయోక్తి కాదు. కారణంగా నీటిలోని సిలికాను, భారలోహాలను, ఎండలో పనిని, పురుగుమందులను ఒక్కొక్కరు ఒక్కోలా చూపారు. ఏదీ నిలబడలేదు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోనూ, మధ్య అమెరికా చెరకు కూలీల్లోనూ కనిపించే జబ్బుకు ఇది దగ్గరి చుట్టం.

జబ్బు తొలి దశలో నొప్పి ఉండదు. రక్త పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ పెరిగిందని తెలుస్తుంది. ఊళ్లో దాన్ని ‘క్రియాటిన్’ అంటారు, ఎవరికెంత ఉందో పక్కింటివాళ్లకూ తెలుసు. చివరి దశలో వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు డయాలసిస్ మిషన్ పక్కన పడుకోవాలి. డయాలసిస్ కోసం ఫిస్టులా వేసిన చేత్తో బరువు ఎత్తకూడదు. అంటే కొబ్బరి దింపు పని, మోత పని అక్కడితో సరి. పొటాషియం ఎక్కువని కొబ్బరినీళ్లు తాగొద్దంటారు. కొబ్బరిచెట్ల కింద మంచం వేసుకుని, నీళ్లు కొలుచుకుని తాగే మనిషి ఈ ప్రాంతంలో అరుదైన దృశ్యం కాదు.

ఊరికి దగ్గరలో మిషన్లు లేని రోజుల్లో శ్రీకాకుళమో, 200 కిలోమీటర్లకు పైబడిన విశాఖపట్నమో వెళ్లాల్సి వచ్చేది. సోంపేట, పలాస, కవిటిలలో కేంద్రాలు తెరిచాక దూరం తగ్గింది. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల ఆస్పత్రి, మూత్రపిండాల పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీరు తెచ్చే రూ. 700 కోట్ల పథకాన్నీ అదే రోజు ప్రారంభించారు.

మొత్తాలు, తేదీలు

డయాలసిస్ రోగులకు పింఛను ఎవరు మొదలుపెట్టారన్నది రాజకీయ వివాదం. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి ఉద్దానం సమస్యను రాష్ట్రమంతటికీ వినిపించారు. అదే కాలంలో చంద్రబాబునాయుడు ప్రభుత్వం నెలకు రూ. 2,500 ఇవ్వడం మొదలుపెట్టింది, 2019 ఎన్నికల ముందు దాన్ని రూ. 3,500 చేసింది. ఎన్నికల తర్వాత జగన్‌మోహన్‌రెడ్డి ప్రభుత్వం రూ. 10,000 చేసింది. ఇరుపక్షాల కరపత్రాలూ రెండో వారిని మరిచిపోతాయి. ఆరంభం చంద్రబాబు ప్రభుత్వానిదనీ, అసలు తేడా తెచ్చింది 2019 ఎన్నికల తర్వాతి పెంపనీ చెప్పడమే సబబుగా తోస్తుంది. ఎందుకో చిన్న లెక్క చెబుతుంది.

వారానికి మూడుసార్లంటే నెలకు 13 ప్రయాణాలు. రోగికీ తోడుకీ కలిపి రానూపోనూ రూ. 200 అనుకున్నా రూ. 2,600. మొదటి పింఛను మొత్తం ఆటోకే చాలదు. పలాస జీడిపప్పు బట్టీలో పనిచేసే భార్య తోడు వెళ్తే ఆ 13 రోజుల కూలీ పోతుంది. రోజుకు రూ. 300 లెక్కన అది మరో రూ. 3,900. రూ. 10,000లో ఈ రెండూ పోగా మందులకూ బియ్యానికీ కొంత మిగులుతుంది. పై అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే, ఊరిని బట్టి మారతాయి. రూ. 2,500కూ రూ. 10,000కూ మధ్య ఉన్నది నాలుగు రెట్ల తేడా మాత్రమే కాదని చూపడానికి అవి చాలు. మొదటిది ప్రయాణానికి సాయం, రెండోది ఇంటికి ఆదాయం.

డయాలసిస్‌కు ఇంకా వెళ్లని మూత్రపిండ రోగులకు 2020 ఆరంభం నుంచి రూ. 5,000 ఇచ్చారు. తలసీమియా, సికిల్ సెల్, తీవ్ర హిమోఫీలియా రోగులకు అప్పుడే రూ. 10,000 వచ్చింది. 2024 జులై 1 నుంచి డయాలసిస్‌కు ముందు దశ పింఛను కూడా రూ. 10,000 అయింది. అవయవ మార్పిడివారికీ అంతే. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి రూ. 5,000 నుంచి రూ. 15,000 అయింది. డయాలసిస్ మొత్తం మారలేదు.

గీత ఎక్కడ గీయాలి

మొత్తాల మీద జరిగినంత చర్చ అర్హత మీద జరగలేదు. నిజానికి జబ్బును అదుపులో పెట్టుకోవడానికి డబ్బు తోడ్పడుతుందా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది. డయాలసిస్‌కు ముందు పింఛను కావాలంటే క్రియాటినిన్ 5 దాటాలి, లేదా వడపోత రేటు 15 కన్నా కిందికి పడిపోవాలి, లేదా మూత్రపిండం కుంచించుకుపోయినట్టు స్కానింగులో కనబడాలి. ఇవన్నీ చివరి మెట్టు గుర్తులే. బీపీ మాత్రలు తప్పకుండా వేసుకుంటూ, నొప్పి బిళ్లలు మానేసి, ఎండపనికి దూరంగా ఉంటే జబ్బు నెమ్మదించే అవకాశం ఉన్నది మూడో దశలో. అప్పుడు రోగికి వచ్చేది సున్నా. ఎండపని మానాలంటే ఇంకో ఆదాయం కావాలి కదా!

2024 మార్పు ఈ విషయంలో పైకి కనిపించేదానికన్నా పెద్దది. అంతకుముందు డయాలసిస్ ఎక్కితే పింఛను రెట్టింపయ్యేది. ఇప్పుడు ఆ మెట్టు దగ్గర తేడా లేదు. అయితే క్రియాటినిన్ 5 దగ్గర ఒకేసారి సున్నా నుంచి పదివేలకు ఎగబాకే గట్టు అలాగే ఉంది, మునుపటికన్నా ఎత్తు పెరిగింది కూడా.

ఇలాంటి గట్టు గురించి ఎక్కువ చర్చ జరిగింది దక్షిణాఫ్రికాలో. రోగనిరోధక కణాల సంఖ్య 200 కన్నా కిందికి పడిపోయిన ఎయిడ్స్ రోగులకు అక్కడ వైకల్య భృతి ఇచ్చేవారు. 2004 నుంచి ప్రభుత్వ ఆస్పత్రుల్లో మందులు రావడంతో రోగులు కోలుకున్నారు, కోలుకున్నాక భృతి పోయింది. భృతి కోసం కొందరు మందులు మానేస్తున్నారన్న మాట బాగా ప్రచారమైంది. ఆర్థికవేత్త నికోలి నాట్రాస్ ఈ ఇరకాటాన్ని వివరంగా రాశారు. మానేసినవారు నిజంగా ఎందరన్నదానికి మాత్రం గట్టి ఆధారాలు తక్కువ. ఆ ప్రచారాన్ని ఉన్నదున్నట్టు తీసుకోకపోవడమే మంచిది. ఇంట్లో నలుగురు తినేది ఆ భృతి మీదేనన్నది మాత్రం ఎవరూ కాదనలేదు. ఆంధ్రప్రదేశ్‌లో హెచ్‌ఐవీ పింఛను షరతు దీనికి ఎదురుదిశలో ఉంది: ఆరు నెలలు వరుసగా మందులు వాడినవారికే అర్హత.

నగదు వల్ల ఆరోగ్యం మెరుగవుతుందా

ఉద్దానం పింఛను మీద ఆ కోణంలో పెద్ద అధ్యయనాలు లేవనే చెప్పాలి. బయటి రుజువుల్లో రెండు చెప్పుకోవచ్చు. పెరూలోని కయావో మురికివాడల్లో 2014-15లో క్షయ రోగుల కుటుంబాలకు షరతులతో నగదు, ఇంటికి వచ్చి పలకరింపు, సమావేశాలు కలిపి ఇస్తే చికిత్స సఫలమైనవారు 64 శాతం, ఇవ్వనిచోట 53 శాతం. ఇందులో నగదు వాటా ఎంతో విడదీయలేం. అమెరికాలోని చెల్సీ పట్టణంలో లాటరీ తీసి, గెలిచినవారికి తొమ్మిది నెలలు నెలకు 400 డాలర్ల వరకు ఇచ్చారు. వారు అత్యవసర విభాగానికి వెళ్లడం 27 శాతం తక్కువగా నమోదైంది. బీపీ, షుగరు, కొలెస్టరాల్ అంకెల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చేతిలో డబ్బు ఉన్న మనిషి అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తే అవసరం తగ్గిందనీ, ఒంట్లోని జబ్బు అంత త్వరగా లొంగలేదనీ దీన్ని చదువుకోవచ్చు.

క్షయకు మన దేశంలోనూ నగదు ఉంది. 2018 ఏప్రిల్‌లో నెలకు రూ. 500తో మొదలైన నిక్షయ్ పోషణ్ యోజన 2024 నవంబర్ నుంచి రూ. 1,000 అయింది.

అందే తీరు

పింఛను కాకపోయినా, 2019 డిసెంబర్ 2న గుంటూరులో మొదలుపెట్టిన ఆరోగ్య ఆసరాను ఇక్కడ చెప్పుకోవాలి. ఆపరేషన్ తర్వాత డాక్టరు విశ్రాంతి రాసినన్నాళ్లు రోజుకు రూ. 225, నెలకు రూ. 5,000 మించకుండా ఖాతాలో వేసేవారు. జబ్బు పడితే కూలి పోతుందని సర్కారు లెక్కల్లో సూటిగా ఒప్పుకున్న పథకం ఇది. దీర్ఘరోగులకు దీని వల్ల ఒరిగింది తక్కువ.

పింఛను ఒకటో తారీఖు పొద్దున్నే గుమ్మం దగ్గరికి రావడం 2020 ఫిబ్రవరి నుంచి గ్రామ, వార్డు వాలంటీర్లతో అలవాటైంది. వేలిముద్ర పడితే డబ్బు చేతిలో పెడతారు. 2024 ఎన్నికల వేళ వాలంటీర్లను పక్కనపెట్టడంతో ఏప్రిల్‌లో గ్రామ, వార్డు సచివాలయాల దగ్గర, మేలో చాలామందికి బ్యాంకు ఖాతాల్లో వేశారు. మండుటెండలో ముసలివాళ్లు, రోగులు వరుసల్లో నిలబడిన ఆ రెండు నెలలు ఎన్నికల్లో పెద్ద అంశమయ్యాయి. జులై నుంచి సచివాలయ సిబ్బంది ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. 2025 జనవరిలో రూ. 15,000 అందుకునేవారి నుంచి మొదలుపెట్టి వైద్యులతో తిరిగి పరీక్షలు జరిపించారు. ఆగస్టులో వచ్చిన రద్దు నోటీసులపై నిరసనలు రేగాక, అప్పీలు చేసుకున్నవారికి పింఛను కొనసాగిస్తామని ప్రభుత్వం ప్రకటించింది.

ఇతర రాష్ట్రాల సంగతి చూస్తే, తెలంగాణలో ఆసరా పింఛన్లు 2014 నవంబర్‌లో మొదలయ్యాయి. బోదకాలు రోగులను తర్వాత, డయాలసిస్ రోగులను 2022లో చేర్చారు. డయాలసిస్ పింఛను రూ. 2,016, అంటే వృద్ధాప్య పింఛనుతో సమానం. కేరళలో మంచాన పడ్డ రోగిని చూసుకునేవారికి ఆశ్వాసకిరణం పేరుతో నెలకు రూ. 600 ఇచ్చే పథకం ఉంది. ఆంధ్రప్రదేశ్ పింఛన్ల తరగతుల్లో తోడు మనిషి పేరున ఏదీ కనిపించదు.